తెల్లకోటు వేసుకున్న మూడేళ్లు

మా ఊళ్లో నన్ను మూడేళ్లపాటు డాక్టర్ సాబ్ అని పిలిచారు. నేను డాక్టర్ని కాను. డాక్టర్ చదువు చదవలేదు, ఆ కాలేజీ గేటు లోపల ఎలా ఉంటుందో కూడా చూడలేదు. చదివింది బీఎస్సీ. బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. ఈ తేడా ఊరు మొత్తంలో తెలిసింది నాకొక్కడికే, నేను నోరు విప్పలేదు. తర్వాతి రోజుల్లో దీన్నొక తమాషా కథగా మార్చి పెళ్లిళ్లలో, ఆఫీసు విందుల్లో చెప్పి ఎంతోమందిని నవ్వించాను. ఆ కథలో ఒక ముక్కను మాత్రం ఎప్పుడూ దాటేసేవాణ్ణి. మొన్న ఎండాకాలం చివర మా చెల్లెలు అనసూయ మా ఇంటికి వచ్చిన రోజున ఆ ముక్క కూడా చెప్పాల్సి వచ్చింది.

అనసూయ నాకంటే రెండేళ్లు చిన్నది. బోరబండలో ఉంటుంది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టీ కుట్టీ ఆమె కుడిచేతి చూపుడువేలు కొంచెం పక్కకు తిరిగిపోయింది. ఇప్పుడు కుట్టడం మానేసింది గానీ, ఎవరింటికి వెళ్లినా ముందు కిటికీ తెరల అంచులు తిప్పి కుట్టు చూస్తుంది. ఆ ఆదివారం పొద్దున తన మనవరాలు హారికను, హారిక తండ్రి అయిన అల్లుడు సుధాకర్‌ను వెంటబెట్టుకుని మదీనాగూడలోని మా ఫ్లాటుకు వచ్చింది. సుధాకర్‌ది కడప వైపు. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మంచివాడు, కానీ కూరగాయలు కొనాలన్నా ఫోన్లో ఒక పట్టిక తయారుచేస్తాడు. మా ఆవిడ వాళ్ల అక్క దగ్గరికి వెళ్లడంతో ఇంట్లో నేనొక్కడినే ఉన్నాను.

అనసూయ కూర్చోకముందే సంగతి చెప్పేసింది. "అన్నా, జర ఈ పిల్లకు దారి జూపియ్యి. డాక్టర్ సీటు రాలే. రేపు సాయంత్రం లోపట డిగ్రీకి కంప్యూటర్ల ఆప్షన్లు పెట్టాల్నట. తండ్రి ఒకటంటడు, పిల్ల ఒకటంటది. మనింట్ల బయాలజీ సదివినోనివి నువ్వొక్కనివే."

"నాకు లైఫ్ సైన్సెస్ కావాలి తాతా," అంది హారిక. "బాటనీ, మైక్రోబయాలజీ ఉన్న కాంబినేషన్. డాడీ ఏమో బీబీఏ అనలిటిక్స్ పెట్టమంటున్నారు."

సుధాకర్ ఫోను పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. "నేను పాపకు పగోడిని కాదు మామా. నువ్వే చెప్పు, బాటనీ చదివితే యాడ ఉద్యోగం దొరుకుతాది? మా ఆఫీసులో మొత్తానికి ఒక్క మొక్క ఉండాది. అదీ ప్లాస్టిక్‌ది."

హారికకు నవ్వొచ్చింది, నాకూ వచ్చింది. అనసూయకు రాలేదు. "నువ్వు నీ బిడ్డను ఆపకు అల్లుడా," అంది. "మా నాయన నన్ను గిట్లనే ఆపిండు. అన్నను సదివిచ్చిండు, నన్ను మిషిను మీద కూసోబెట్టిండు. ఆడివిల్లకు సాలన్నడు. నాకు తెలుసు ఆపితె ఎట్లుంటదో."

ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్న ప్రతిసారీ తల వంచుకుని పేపరో, చెప్పులో, ఏదో ఒకటి వెతుక్కునేవాణ్ణి. ఆ రోజు కూడా అదే చేసేవాణ్ణేమో. కానీ హారిక నా ఎదురుగా, మోకాళ్లు దగ్గరికి లాక్కుని, సరిగ్గా వాళ్ల అమ్మమ్మ ఆ వయసులో కూర్చున్నట్టే కూర్చుని, నా నోట్లోంచి వచ్చే మాట కోసం చూస్తోంది. నేను ఏం చెబితే అదే రేపు సాయంత్రం లోపల కంప్యూటర్లోకి ఎక్కుతుంది. ఇలాంటి కుర్చీలో నన్ను ఇంతకుముందు ఒకసారి కూర్చోబెట్టారు. అప్పుడు ఏం చేశానో చెప్పాలంటే అంగూర్ తోట దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

శేరిలింగంపల్లి చుట్టుపక్కల ఇప్పుడు అద్దాల మేడలున్న చోట ఒకప్పుడు బండరాళ్లు, సీతాఫలం పొదలు, వాటి మధ్య అక్కడక్కడా ద్రాక్ష తోటలు ఉండేవి. అలాంటి ఒక పటేలు గారి తోటలో మా నాయన మాలీ. తోటలోనే రెండు గదుల ఇల్లు. మా ఇంటి వాసన అంటే నాకు ఇప్పటికీ మైలుతుత్తం, సున్నం వాసనే. ద్రాక్షాకులకు బూజు రాకుండా ఆ రెండింటినీ వేర్వేరు తొట్లలో కలిపి, ఆ నీళ్లను ఒకదాంట్లోకి ఒకటి పోసి, కర్రతో తిప్పి, తీగల మీద కొట్టేవాడు నాయన. కొట్టేముందు కొడవలి అంచు అందులో ముంచి తీసి వెలుతురుకు పట్టుకునేవాడు. ఇనుము మీద ఎర్రటి పూత కనిపిస్తే ఇంకాస్త సున్నం పడాలని గుర్తు. ఎవరు నేర్పారంటే "పాత మాలీ జూపిచ్చిండు" అనేవాడు. ఆ నీలం నాయన గోళ్లల్లోంచి ఎప్పుడూ పోయేది కాదు. సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని చింతపండుతో చేతులు తోముకుంటుంటే అమ్మ లోపల్నుంచి "రేపటి చారు గూడ గా చేతులకే పొయ్యి" అని అరిచేది. జొన్నరొట్టెలు కాలే వాసన, ఆ చింతపండు పులుపు, ఆ మందు ఘాటు మూడూ కలిసి మా ఇంటికి సాయంత్రం అయ్యేది.

నాకు డాక్టర్ సీటు రాకపోతే బీఎస్సీలో చేరాను. చేరిన వారానికి ప్రాక్టికల్స్ కోసం తెల్లకోటు కుట్టించుకోమన్నారు. దాన్ని మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. నేను చేతి మీద వేసుకుని బస్సు దిగాను. బస్‌స్టాపు దగ్గర కూర్చున్న ముసలాయన లేచి నిలబడి, "మన మాలీ కొడుకు డాక్టర్ అయితుండు" అన్నాడు. కాదు తాతా అని ఒక్క మాట అంటే అయిపోయేది. నేను ఆ కోటును చేతి మీంచి తీసి భుజం మీద వేసుకున్నాను. నేను తోట చేరేలోపే ఆ వార్త తోట చేరింది. నాయన పటేలు గారికి చెప్పాడు, పటేలు గారు శభాష్ అన్నారు. ఇక వెనక్కి తీసుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. నిజం చెప్పొద్దూ, తీసుకోవాలని కూడా అనిపించలేదు.

తర్వాత జరిగినవన్నీ నవ్వుకోవడానికి బాగుంటాయి. జ్వరమని వచ్చినవాళ్లకు నాలుక చూసి, నీళ్లు మరిగించి తాగండి, దవాఖానకు పొండి అని చెప్పేవాణ్ణి. హస్తవాసి మంచిదని పేరొచ్చింది. జువాలజీ అంటే జంతువుల చదువని ఒకరి దగ్గర నోరు జారితే, మర్నాడు పొద్దున గుమ్మం ముందు పాలివ్వని బర్రెను కట్టేశారు. "మనుషులకు, పశువులకు రెండిటికీ నువ్వేనట గద డాక్టర్ సాబ్" అన్నాడు దాని యజమాని. ఆ బర్రె నన్ను చూసినంత అనుమానంగా మా ఊళ్లో ఇంకెవరూ చూడలేదు. ఒకసారి కోత నేర్చుకుందామని మందునీళ్లలో ఊరబెట్టిన కప్పను టిఫిన్ డబ్బాలో ఇంటికి తెచ్చాను. అమ్మ నేను అన్నం వదిలేశానేమోనని మూత తీసింది. డబ్బా, కప్ప, మూత మూడూ ద్రాక్ష పందిరి అవతల పడ్డాయి. ఆ డబ్బాను అమ్మ మళ్లీ ఇంట్లోకి రానివ్వలేదు.

ఆ చదువు నిజంగా చదివింది అనసూయ. అప్పుడు తను ఇంటర్ బైపీసీ. రోజూ నేను తేవడమే ఆలస్యం, నా పుస్తకాలు లాక్కునేది. డాక్టర్ చదువులో ముందు ఇవే నేర్పుతారని నేనంటే తనూ నమ్మింది. నేను పెన్సిలు పట్టుకుంటే కప్ప రక్తనాళాలు చిక్కుపడ్డ దారంలా వచ్చేవి. తను గీస్తే లెక్చరర్ ఇరవైమందికి చూపించి "ఇట్లా గీయాలి" అనేవారు. మొక్కలు సేకరించి, పాత పేపర్లలో అదిమి ఆరబెట్టి, అట్టల మీద అతికించి పేరు, కుటుంబం, దొరికిన చోటు రాసివ్వాలి మాకు. బండల మీద ఎక్కి దిగి అవన్నీ తెచ్చిందీ తనే. వాటిని అదమడానికి అమ్మ పరుపు కింద పెట్టేవాళ్లం. "నా నడుము కింద అడివి పెట్టిన్రు" అని అమ్మ రోజూ తిట్టేది, రోజూ వాటి మీదే పడుకునేది. ఒకరోజు అనసూయ నా బాటనీ పుస్తకం పట్టుకుని తోటలోకి పరుగెత్తింది. "నాయ్నా, నువ్వు కలిపే మందు పుస్తకంల ఉన్నది! కొడవలి ముంచేది గూడ రాసిన్రు!" నాయన ఆ పేజీని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. "నా పేరు రాసిన్రా?" అని అడిగాడు. ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. నేను దూరంగా నిలబడి చూశాను. ఆ పేజీని నేను పరీక్ష కోసం రెండుసార్లు బట్టీ పట్టాను. అది మా ఇంటి సంగతని నాకు తట్టనే లేదు.

ఇక దాటేసే ముక్క. అనసూయ ఇంటర్ పాసైంది. నాయన నన్ను పందిరి కిందికి పిలిచి, "కొడకా, చెల్లెను గూడ నీ కాలేజీల షరీక్ జేద్దామా? ఫారం తెస్తవా?" అని అడిగాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. ఒకే ఇంట్లో ఇద్దరు డాక్టర్లు. నాకు తట్టింది వేరు. తను ఆ కాలేజీలో అడుగుపెట్టిన మొదటి రోజే అది డాక్టర్ల కాలేజీ కాదని ఇంట్లో చెప్పేస్తుంది. పటేలు గారి ముందు నాయన, బస్‌స్టాపు దగ్గర నేను, అందరి ముందూ నవ్వులపాలవుతాం. ఆ భయంలో నా నోటికి వచ్చింది చెప్పాను. "అక్కడ పీనుగులను కొయ్యాలె నాయ్నా. ఆడివిల్లలు బెదిరి పడిపోతరు. పోయినేడు ఒక పిల్లకు మతి తప్పింది." నాయన ముఖంలో వెలుగు పోయింది. చేతిలో ఉన్న తీగను కాసేపు నలిపి, "గట్లనా. అయితె వద్దు తియ్యి. నువ్వు జెప్పినవని జెప్ప, మీ ఇద్దరికి లొల్లి అయితది. నేనే అంట" అన్నాడు. అన్నం దగ్గర "ఇగ సదువు సాలు బిడ్డా" అని ఒక్క మాటతో ముగించాడు. అనసూయ కారణం అడిగింది. ఆయన చెప్పలేదు. తను నాయనతో నెల రోజులు మాట్లాడలేదు. ఆ నెల రోజులూ నేను ఆయన పక్కనే కూర్చుని తిన్నాను.

మదీనాగూడ ఫ్లాటులో, హాల్లో, పొద్దున పదకొండు గంటలకు ఇదంతా చెప్పాను. "నాయన కాదు చెల్లె. నేను" అని మొదలుపెట్టి, పీనుగుల అబద్ధం దాకా ఒక్కటీ వదల్లేదు. సుధాకర్ నేల చూపులు చూశాడు. హారిక వాళ్ల అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది.

"నాయన అనలేదా?" అంది అనసూయ.

"అనలే. ఫారం తెమ్మన్నడు."

తను హారిక చేతిలోంచి చెయ్యి తీసుకుంది. తర్వాత మెల్లగా అంది. "నలభై ఏండ్ల సంది ఆయనను తిడుతున్న అన్నా. ఫోటోకు దండ ఏసేటప్పుడు గూడ లోపల తిట్టుకుంటనే ఏసిన." నేను ఏదో అనబోయాను. "నువ్వు మాట్లాడకు. పోయి చాయ్ పెట్టు. ఇంటికి ఒచ్చి గంటయితుంది, మంచినీళ్లు గూడ అడగలే."

నేను చాయ్ పెట్టాను. చక్కెర ఎక్కువైంది. తను ఒక గుక్క తాగి, ముఖం అదోలా పెట్టి, కప్పు పక్కకు జరిపింది. "ఇప్పుడు జెప్పు. గీ బీఎస్సీ సదివితె ఏమైతది? ఉన్నదున్నట్టు జెప్పు. ఈ పిల్లకు గూడ కథలు జెప్పినవనుకో, ఇగ నీ గడప తొక్క."

నేను అరవై దాటాక మొదటిసారి నా చదువు గురించి నిజం చెప్పాను. డిగ్రీ ఒక్కటే చాలదని ముందే చెప్పాను. నాతో చదివినవాళ్లలో ఒకడు బీఈడీ చేసి బడిలో సైన్సు పంతులయ్యాడు, ఇప్పటికీ దారిలో కనిపిస్తే పిల్లలు ఆగి దండం పెడతారు. ఒకడు పరీక్ష రాసి అటవీశాఖలో చేరాడు. ఒకామె పీజీ చేసి విత్తనాల కంపెనీలో తడి కాగితం మీద గింజలు మొలకెత్తించే పనితో మొదలై ఆ ల్యాబ్ మొత్తానికి పెద్దయింది. మైక్రోబయాలజీ వాళ్లకు మందులు, టీకాలు, తాగునీళ్లు, తిండి వస్తువులు పరీక్షించే ల్యాబుల్లో చోటుంటుంది, కానీ మొదటి ఉద్యోగం చిన్నదే, షిఫ్టులుంటాయి. బయోటెక్నాలజీ పేరు పెద్దది, పీజీ లేకపోతే ఆ పేరుతోనే సరిపెట్టుకోవాలి. ఆసుపత్రి ల్యాబులో పనిచేయాలంటే దాని కోర్సు వేరు, అగ్రికల్చర్ బీఎస్సీ వేరు, నాలుగేళ్లు.

"మరి నువ్వెందుకు పీజీ చేయలేదు తాతా?" అంది హారిక.

"టై కట్టుకోవాలని తొందరపడ్డా బిడ్డా. మందుల కంపెనీ సంచి పట్టుకుని డాక్టర్ల గుమ్మాల దగ్గర కూర్చున్నా. ఊళ్లో మందుల డాక్టర్ అనుకున్నారు, దాన్నీ ఒప్పుకున్నా. దారి లేదని కాదు, నాకు నడవడానికి ఓపిక లేకపోయింది. అది చదువు తప్పు కాదు."

సుధాకర్ గొంతు సవరించుకున్నాడు. "మామా, మా పక్క టవర్లోనే మెడికల్ కోడింగ్ చేస్తాండారు. డాక్టర్లు రాసిన చీటీలు చదివి ఏ జబ్బుకు ఏ కోడని వేస్తారు. అందరూ బీఎస్సీ పిల్లోళ్లే. నేను లిఫ్టులో రోజూ చూస్తాండా, ఎప్పుడూ అడగలేదు."

"అదీ ఒక దారే. ఏదీ లేకపోతే అది ఉంటుంది. కానీ దానికోసమని చేరొద్దు," అన్నాను.

"నాకు ఆకుల మీద మచ్చలు ఎందుకొస్తాయో కావాలి," అంది హారిక. "మా అపార్ట్‌మెంట్లో గులాబీలన్నిటికీ వచ్చాయి. తోటమాలి వాటిని పీకేస్తున్నాడు."

సుధాకర్ తన ఫోన్లో పట్టిక తెరిచి, ఒక వరుస కొత్తగా చేర్చి, "పీజీతో కలిపి ఐదేండ్లు" అని టైపు చేశాడు. కాసేపు చూసుకున్నాడు. "పెట్టుకో పాపా. బీబీఏ రెండోది పెడదాం, నా తృప్తికి," అన్నాడు. అనసూయ మాత్రం వెళ్లేటప్పుడు నాతో మాట్లాడలేదు. కిటికీ తెర కుట్టు కూడా చూడలేదు.

ఆ తర్వాత రెండు వారాలు తన దగ్గర్నుంచి ఫోన్ లేదు. రోజూ సాయంత్రం మాట్లాడుకునేవాళ్లం. నేను చేస్తే ఎత్తేది కాదు. మా ఆవిడ తిరిగొచ్చి సంగతి విని, "ఇన్నేళ్లకు ఒక నిజం చెప్పారు, దానికి ఆ మాత్రం పడండి," అంది. నేను ఆ రోజుల్లో సాయంత్రాలు నడిచేవాణ్ణి. మా తోట ఉన్న చోట ఇప్పుడు ఒక టవరు, దాని ముందు కొలిచి కత్తిరించిన పచ్చిక. లోపలికి వెళ్లాలంటే మెళ్లో కార్డు ఉండాలి. అప్పటి మా ఊళ్లో తెల్లకోటు చూసి మోసపోయారు, పాపం వాళ్లకు చూసింది అదొక్కటే. ఇప్పటి పిల్లలకు ప్రతి కోర్సు, ప్రతి ఉద్యోగం అరచేతిలో కనిపిస్తుంది. అయినా ఎవరో ఒక పెద్దమనిషి ఎదురుగా కూర్చుని, ఆయన ముఖంలోకి చూసి అడుగుతారు. ఆ పెద్దమనిషి అప్పటికీ ఇప్పటికీ తన పరువు సంగతి ముందు చూసుకుంటాడు. పోయిన ఆ నలభై ఏళ్లకు నేను కట్టగలిగింది ఏమీ లేదు. అనసూయ గీసిన కప్ప బొమ్మ కింద నా పేరే ఉంది, ఆ రికార్డు ఏ చెత్తలోకి పోయిందో కూడా తెలియదు.

పదిహేనో రోజు పొద్దున ఫోన్ వచ్చింది. "పిల్లకు మొదటి ఆప్షనే ఒచ్చింది. కాలేజీల కాయిదాలు ఇయ్యాలె. అల్లునికి మీటింగట. తయారై రా." ఫోన్ పెట్టేసింది. అంతకంటే తియ్యటి మాట నేను ఈ మధ్య వినలేదు.

కాలేజీ వరండా నిండా పిల్లలు, ఫైళ్లు. హారిక లైన్లో నిలబడింది. నేనూ అనసూయా గోడ పక్కన బెంచీ మీద కూర్చున్నాం. కాసేపటికి చూస్తే అనసూయ లేదు. వరండా చివర, దూరవిద్య కేంద్రం అని రాసి ఉన్న చిన్న కిటికీ ముందు నిలబడి ఉంది. నేను వెళ్లేసరికి లోపలున్న అమ్మాయి చెబుతోంది. "వయసు పట్టింపు లేదమ్మా. క్లాసులు ఆదివారం. బీఎస్సీకి ప్రాక్టికల్స్ కూడా ఇక్కడనే. ఎవరికి?"

"నాకే," అంది అనసూయ.

ఆ అమ్మాయి నా వైపు చూసింది. జేబులో పెన్ను, కళ్లజోడు, నెరిసిన జుట్టు. ఇలాంటి వాళ్లే జవాబు చెబుతారని అనుకుని ఉంటుంది. "మేడమ్ ఏం సదివిన్రు సార్?" అని నన్నడిగింది. జవాబు నా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, పక్కకు తిరిగి నిలబడ్డాను.

"ఇంటర్. బైపీసీ. ఫస్ట్ క్లాస్," అంది అనసూయ.

"మెమో ఉన్నదా అమ్మా? పాతది గద, దొరకకుంటె డూప్లికేట్‌కు పెట్టుకోవచ్చు."

"డూప్లికేట్ ఎందుకు? అసలుదే ఉన్నది. లామినేషన్ జేయించి పెట్టిన."

"ఎప్పుడు చేయించినవే?" అన్నాను.

"బోరబండల లామినేషన్ మిషిను ఒచ్చిన మొదటి నాడే," అంది. ఫారం తన ముందుకు లాక్కుని, నా జేబులోంచి పెన్ను తీసుకుని, పెద్ద పెద్ద అక్షరాలతో పేరు రాయడం మొదలుపెట్టింది.